జిల్లేడుకు వేసిన పందిరి

కొంటా,
ధాత సంవత్సరం, పుష్య బహుళ తదియ

చింతలనార్ నాకేదారు సీతారాములు గారికి,

మొన్న సంతలో నువ్వు అడిగిన మాటకు జవాబు ఇది. అక్కడే చెప్పేదాన్ని. కానీ నువ్వు అడిగింది ఉప్పు కొట్టు ముందు, చుట్టూ పదిమంది చెవులు రిక్కించుకుని ఉండగా. పైగా అడిగేసి, నా మొహమైనా చూడకుండా గబగబా వెళ్లిపోయావు. ఇంత భయస్తుడు ఎందుకు అడిగినట్టు అని రెండు రోజులు నవ్వుకున్నాను. మూడో రోజుకు నవ్వు పోయి ఆలోచన మొదలైంది.

చేసుకుంటాను. నిన్నే చేసుకుంటాను.

ఎందుకని అడగవు గానీ చెబుతాను. మూడేళ్ల కిందట ఇక్కడి అడవి నాకా గేటు దగ్గర నా అడ్డాకుల మోపు దించి పరవానా అడిగావు. విస్తళ్లు కుట్టుకునే ఆకుకు పరవానా ఏందని నేను గొడవ పెట్టుకున్నాను. నువ్వు గోడకంటించిన కాగితం వైపు చూపించావు. నేను దాన్ని చివరి వరసదాకా చదివి, ఇంటి వాడకానికి పరవానా అక్కర్లేదని అందులోనే ఉందని చూపించాను. పాదిరీ బడిలో మూడేళ్లు చదివానని నీకేం తెలుసు. వేరే నాకేదారైతే నన్ను తిట్టి పంపేవాడు. నువ్వు తప్పు ఒప్పుకుని, అందరూ చూస్తుండగా మోపు నీ చేతులతో నా నెత్తికెత్తావు. నిన్ను చింతలనార్‌కు బదిలీ చేశాక ఆ నాకా దారిన నడవడం మానేశాను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, మా వదినకు కూడా.

ఇక అసలు మాట. మా అన్న అప్పయ్యకు చెప్పాను. అమ్మా నాన్నా పోయినప్పటి నుంచీ, ఆ తర్వాత నా మొగుడు జ్వరంతో పోయినప్పటి నుంచీ, నన్ను సాకింది అన్నే. వద్దనలేదు. "మంచోడే. సంస్థానం నౌకరి ఉంది. చేసుకో" అన్నాడు. వదిన బుల్లమ్మ కళ్లు తుడుచుకుంది. అంతలోనే అన్న, "మారుమనువుకు హంగామా ఏముంటది? దీపాలు పెట్టినాక వాళ్లు నలుగురొస్తరు. చీరె తెస్తరు, కట్టుకుంటవు. పెరటి దోవన బండెక్కి పోతవు" అన్నాడు.

నాకు తెలియని ఆచారం కాదు. మన కులంలో మొగుడు పోయినదాన్ని మళ్లీ చేసుకోవచ్చు, అడ్డు లేదు. కానీ పందిరి వేయకూడదు, డోలు మోగకూడదు, ముత్తైదువలు ఎదురు రాకూడదు. పగటిపూట చేస్తే చూసిన ఆడవాళ్ల పసుపు కుంకాలకు కీడట. నా చిన్నప్పుడు మా పక్కింటి సోమక్కను అలాగే తీసుకుపోయారు. పొద్దున లేచి ఆడుకుందామని వెళితే ఆమె లేదు. ఎక్కడికి పోయిందని అడిగితే మా అమ్మ నా నోరు మూసింది. చచ్చిపోయిందేమోనని చాలా రోజులు అనుకున్నాను.

నేను అలా పోను. ఎండ నడినెత్తిన ఉండగా, పందిట్లో, డోలు సన్నాయి మోగుతుండగా, వీధి గుమ్మంలోంచి బయటికి రావాలి. ఏం తప్పు చేశానని కంచె సందులోంచి పోవాలి? నాకున్నది ఈ ఒక్క షరతే. ఒప్పుకుంటే మీ వాళ్లను ప్రధానానికి పంపు. లేదంటే ఎవరి దారి వాళ్లది.

ఈ ఉత్తరం మంగ్లూ బండిలో వస్తోంది. చింతపండు వేసుకుని సంతకొస్తాడు, ఉప్పు వేసుకుని మీ అడవికి తిరిగిపోతాడు. నోరు జారే మనిషి కాదు. జవాబు అతని చేతికే ఇవ్వు.

నీ జవాబు కోసం దారి చూస్తూ,
తిరుపతమ్మ


చింతలనార్ నాకా,
మాఘ శుద్ధ సప్తమి

ప్రియమైన తిరుపతమ్మకు,

నీ ఉత్తరం మంగ్లూ ఇచ్చేటప్పటికి నేను వెదురు బండ్లను ఆపి పరవానాలు చూస్తున్నాను. "చేసుకుంటాను" అన్న మాట దగ్గరికి వచ్చాక మూడు బండ్లను చూడకుండానే వదిలేశాను. రేంజరు దొరకు తెలిస్తే నా నౌకరి ఊడుతుంది. ఊడనీ అనిపించింది ఆ పూటకు.

వెంటనే వారం రోజుల ఛుట్టీ అడిగి మా రేగుమడుగు వెళ్లాను. అందుకే ఆలస్యం. మా ఊరు నువ్వు చూడలేదు. కొంటాకు మూడు కోసుల ఎగువన శబరి ఒడ్డునే ఉంటుంది, ముప్పై గడప. నాన్నకు చెబితే, "నీకు నచ్చినంక నేనేమంట" అన్నాడు. మా నాన్న జీవితంలో ఎవరినీ ఏమీ అనలేదు. అమ్మ మాత్రం విని, జావ కలుపుతున్నది కలుపుతున్నట్టే ఆగిపోయింది. "ఆ పిల్ల ఇష్టపడే ఒప్పుకుందా?" అని ఒకే మాట అడిగింది. ఇష్టపడే అన్నాను. మళ్లీ కలపడం మొదలుపెట్టింది.

కులపెద్దలు మాత్రం మీ అన్న చెప్పిన మాటే చెప్పారు. దాని మీద ఇంకొకటి చెప్పారు. నీ దగ్గర దాచడం నాకు చేతకాదు కాబట్టి రాస్తున్నాను, కోప్పడకు. నాకిది మొదటి పెళ్లి. పెళ్లికాని మగవాడు మారుమనువు పిల్లను చేసుకుంటే వాడికి ఆయుష్షు తక్కువట. అందుకని ముందు నాకు జిల్లేడు మొక్కతో పెళ్లి చేస్తారు. మొక్కకు చీర చుట్టి పీట మీద పెడతారు, నేను పుస్తె కడతాను. ఆ పెళ్లికి పందిరి ఉంటుంది, డోలు ఉంటుంది, ఊరందరికీ అన్నం ఉంటుంది. నా మొదటి పెళ్లి కదా. అది పగలు. ఆ సాయంత్రం దీపాలు పెట్టాక మీ పెరటికి వచ్చి నిన్ను తీసుకొస్తారు.

నాకూ నచ్చలేదు తిరుపతమ్మా. ఆ రోజంతా అన్నం సయించలేదు. కానీ ఆలోచించు. ఒక పూట కష్టం. ఆ తర్వాత మనం చింతలనార్‌లో ఉంటాం. ఇక్కడ ఎవరు అడుగుతారు నువ్వు ఏ పొద్దున వచ్చావో, ఏ గుమ్మంలోంచి వచ్చావో? నాకు మనిషి ముఖ్యం గానీ పొద్దు ముఖ్యం కాదు. ఇప్పుడు ఇక్కడ ఇప్పపూత మొదలవుతోంది. నువ్వొచ్చేసరికి నాకా చుట్టూ పువ్వు రాలుతూ ఉంటుంది. ఆ వాసన నీకు నచ్చుతుందో తలనొప్పి తెస్తుందో తెలుసుకోవాలని ఉంది.

ఒక్క పూటకు తల వంచు. మిగతా జన్మంతా నీ మాటే నా మాట.

నీ వాడయ్యే రోజు కోసం ఎదురుచూస్తూ,
సీతారాములు


కొంటా,
మాఘ బహుళ పాడ్యమి

సీతారాములూ,

ప్రియమైన అని రాయలేదని గమనించావా? కావాలనే రాయలేదు. పెళ్లాం మొగుడి పేరు పలకకూడదంటారు. ఇంకా పెళ్లి కాలేదు కనక, ఈ ఉత్తరంలో కడుపునిండా పేరు పెట్టే పిలుస్తాను.

మనిషి ముఖ్యం, పొద్దు ముఖ్యం కాదన్నావు. పొద్దు ముఖ్యం కాకపోతే మీ కులపెద్దలకు దాని మీద అంత పట్టింపెందుకు? వాళ్లకు తెలుసు ముఖ్యమని. నీకూ తెలుసు. తెలిసీ నన్ను సముదాయిస్తున్నావు.

జిల్లేడు సంగతి చదివి మొదట పగలబడి నవ్వాను. వదిన పరుగెత్తుకొచ్చింది ఏమైందని. "నాకు సవతి వస్తున్నది వదినా" అన్నాను. "ఎవరే అది?" అంది. "మేకలు కూడా ముట్టని మనిషిలే" అన్నాను. చదివి వినిపిస్తే వదిన కూడా నవ్వింది. నవ్వి నవ్వి ఇద్దరం ఏడ్చాం. చేలగట్టున మొలిచే కలుపుకు పందిరి వేస్తారు, చీర కడతారు, డోలు కొడతారు. దాని మొహం అందరూ చూడొచ్చు. నా మొహం చూస్తే కీడు. అంటే ఆ ఇంటికి పెద్ద భార్య జిల్లేడు, చిన్న భార్య తిరుపతమ్మ. నువ్వు పోయిన జన్మలో ఏ పుణ్యం చేసుకున్నావో, ఒకే రోజు ఇద్దరు పెళ్లాలు.

నా మొదటి పెళ్లి గురించి నీకెప్పుడూ చెప్పలేదు. నాకు పదకొండేళ్లు. బడిలో మూడో పుస్తకం సగంలో ఉంది. ఒక పొద్దున పాదిరమ్మ పాఠం చెబుతుంటే నాన్న వచ్చి తీసుకుపోయాడు. ఐదు రోజుల పెళ్లి. పందిరి వీధంతా వేశారు. నది అవతల నుంచి సన్నాయి తెప్పించారు. నేను నిద్రపోతుంటే ఎత్తుకుని పీటల మీద కూర్చోబెట్టారు. నన్ను ఎవరూ ఒక్క మాట అడగలేదు. నేను అడగని పెళ్లికి ఊరంతా మోగింది సీతారాములూ. నా నోటితో నేను ఒప్పుకున్న పెళ్లికి ఎవరూ దగ్గకూడదట, చప్పుడవుతుందని.

మా ఇంటి వెనక దోర్ల కోయవాళ్ల హిడ్మే ఉంది. నేను ఆమెతో కలిసి ఆకుకు పోతాను. నీ ఉత్తరం సంగతి చెప్పాను. హిడ్మేకు అర్థం కాలేదు. "జిల్లేడును ఎందుకు చేసుకుంటడు? అది అన్నం వండుతదా?" అంది. తన పెళ్లి ఎలా అయిందో చెప్పింది. ముయాను ఈమె ఇష్టపడింది. ముయా తల్లిదండ్రులు వేరే పిల్లను చూశారు. ఈమె ఒక రోజు పట్టపగలు వాళ్లింటికి నడిచిపోయి అరుగు మీద కూర్చుంది. వాళ్లలో అలా పోయి కూర్చునే ఆచారం ఉంది. అత్త కుండలతో నీళ్లు కుమ్మరించింది, తిట్టింది, చీపురుతో కొట్టింది. ఈమె లేవలేదు. అన్ని నీళ్లు పోసినా లేవని పిల్లను ఇక కోడలనాలి, అది వాళ్ల కట్టుబాటు. "నేను సలికి వణికిన. ముయా పొయ్యి రాజేసిండు. అంతే, పెండ్లి" అంది. ఆ మాట విన్నప్పటి నుంచీ నాకు నిద్ర సరిగా పట్టడం లేదు.

నేను తల వంచను. ఒక్క పూటకు కూడా వంచను. ఈ ఒక్క పూట వంచితే నాకు పుట్టే బిడ్డలను కూడా జిల్లేడు తర్వాతి దాని బిడ్డలు అంటారు. నీకు నేను కావాలో, ఊరి పెద్దల మెప్పు కావాలో తేల్చుకుని రాయి.

షరతు మారని,
తిరుపతమ్మ


కొంటా,
మాఘ బహుళ త్రయోదశి

సీతారాములూ,

రెండు సంతలు అయిపోయాయి. మంగ్లూ వట్టి చేతులతో వచ్చాడు. అడిగితే, "నాకేదారు నాకాల లేడు, ఊరికి పోయిండు" అన్నాడు.

నిన్న మీ ఊరి నుంచి ఇద్దరు పెద్దమనుషులు వచ్చి అన్నతో మాట్లాడి పోయారు. ఫాల్గుణ శుద్ధ ఏకాదశి అని ముహూర్తం పెట్టుకున్నారు. నాతో ఎవరూ మాట్లాడలేదు. నేను లోపల అడ్డాకులు కుడుతూ అంతా విన్నాను. నీకు తెలిసే వచ్చారా?

తెలిసి వస్తే ఆ మాటే రాయి. ఆ తర్వాత నేను నీకు రాయను.

తిరుపతమ్మ


చింతలనార్ నాకా,
ఫాల్గుణ శుద్ధ విదియ

ప్రియమైన తిరుపతమ్మకు,

తెలిసే వచ్చారు. అబద్ధం చెప్పను.

నీ ఉత్తరం చదివిన రోజే మళ్లీ మా ఊరు వెళ్లాను. ఛుట్టీ ఇవ్వకపోయినా వెళ్లాను. కులపెద్దను ఇంటికి పోయి అడిగాను, పగలు చేస్తే ఏమవుతుందని. "ఏమైతది? నీకేం కాదు, నువ్వు అడివిల ఉంటవు. నీ అయ్యకు అవ్వకు నిప్పు నీళ్లు బంద్ అయితయి. వాళ్లు చస్తే మోసేటోడు దొరకడు" అన్నాడు. నిన్ను ఒక మాట కూడా అన్నాడు. అది రాయను. ఆ మాటకు నేను లేచి నిలబడి, మళ్లీ అంటే మర్యాద దక్కదన్నాను. పుట్టి బుద్ధెరిగాక ఒక పెద్దమనిషి ముందు గొంతు పెంచడం అదే మొదలు. కాళ్లు వణికాయి. కానీ అన్నాను.

ఇంటికొచ్చి అమ్మతో జిల్లేడు వద్దు, ఏమీ వద్దు, చింతలనార్‌లోనే దండలు మార్చుకుంటామన్నాను. నాన్న సరే అన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు. మా అమ్మ నా మాటకు ఎప్పుడూ అడ్డు చెప్పదు తిరుపతమ్మా, అలాంటిది నా కాళ్ల దగ్గర కూర్చుంది. "జిల్లేడు పెళ్లి మానకు కొడుకా. మానితే ఆళ్లు ఊకోరు. నన్ను బతకనియ్యరు" అంది. నిన్నెందుకు బతకనియ్యరు, ఇది నా పెళ్లి కదా అని అడిగాను. ఎంత అడిగినా చెప్పలేదు. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ వయసు మనిషి అలా ఏడుస్తుంటే చూడలేక సరే అన్నాను. మర్నాడే పెద్దమనుషులు మీ ఇంటికి వచ్చారు.

నా ఒక్కడి సంగతైతే నిప్పూ వద్దు, నీళ్లూ వద్దు. అమ్మను ఏం చేయను?

అష్టమినాడు ఇక్కడి నుంచి బయల్దేరుతాను. దశమి సాయంత్రానికి ఎర్రబోరు చేరి అక్కడి నాకాలో ఆగుతాను. ఏకాదశి పొద్దున ఊరికి వస్తాను. ఆ సాయంత్రం మీ పెరటికి వచ్చేవాళ్లలో నేను ఉండకూడదన్నారు, కానీ ఉంటాను. నువ్వు రానంటే బండిని వట్టిగా తిప్పుకుని వెళతాను, నిన్ను ఒక్క మాట అనను. ఇంకెవరినీ చేసుకోను కూడా. నువ్వు నాకంటే ధైర్యస్తురాలివి. నీ పక్కన నిలబడదామనుకున్నాను, ఇంతవరకే నిలబడగలిగాను.

నీ దగ్గర తల ఎత్తలేని,
సీతారాములు


రేగుమడుగు,
మీ ఇంటి పందిరి కింద,
ఫాల్గుణ శుద్ధ దశమి, మధ్యాహ్నం

ప్రియమైన సీతారాములూ,

కంగారు పడకు. నేను మీ ఇంట్లోనే ఉన్నాను. చీర తడిగా ఉంది గనక కాగితం అక్కడక్కడా చెమ్మగిల్లుతుంది, ఏడుస్తూ రాశాననుకోకు. సంత నుంచి తిరిగిపోతున్న మంగ్లూను ఇక్కడే ఆపి రాస్తున్నాను. సాయంత్రానికి ఎర్రబోరులో నీకు ఇస్తాడు. ఇది చివరిదాకా చదివి అప్పుడు మాట్లాడు.

పొద్దున బువ్వ తిని, అన్న ఇంటి వీధి గుమ్మం వైపు నడిచాను. "ఏడికి?" అన్నాడు అన్న. "నా పెళ్లికి" అన్నాను. "పెండ్లి రేపు పొద్దుగూకినాక" అన్నాడు. "అది మీరు పెట్టుకున్నది. నాది పగలే" అన్నాను. అన్న లేచి గడప దగ్గర నిలబడి, "ఈ గడప దాటితే మళ్ల రాకు తిరుపతమ్మా" అన్నాడు. అనేసి తువ్వాలులో మొహం దాచుకున్నాడు. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి. నాకూ ఏడుపు ఆగలేదు. అయినా దాటాను. వదిన వెనక నుంచి పరుగెత్తుకొచ్చి, తన పెళ్లి చీర నా భుజాన వేసి, మళ్లీ నాకు ముందుకెళ్లి ఎదురుగా నిలబడింది. నుదుటిన ఇంత బొట్టుతో. "ముత్తైదువ ఎదురు రావొద్దన్నరు గద. నేనొచ్చిన, పో" అంది. అన్న చూస్తూనే ఉన్నాడు. ఈ పూట వదినకు ఆ ఇంట్లో ఏం జరుగుతుందో తెలియదు. అన్న మాత్రం రాలేదు, రేపు కూడా రాడు. ఆ బాధ నాకు ఎప్పటికీ ఉంటుంది.

నేను, హిడ్మే, ముయా, ముయా తోటివాళ్లు ఇద్దరు డోళ్లతో బయల్దేరాం. కొంటా బజారు నడుమ నుంచి నడిచాం. ఊరు దాటేదాకా ముయా డోలు ఆపలేదు. కొందరు ముసలమ్మలు కోడళ్లను లోపలికి లాగి తలుపులు వేసుకున్నారు. కొందరు కోడళ్లు తలుపులు తీసి మళ్లీ చూశారు. మూడు కోసులు ఎండలో నడిచి మీ ఊరికి వచ్చాం.

మీ పందిరి బాగుంది. నేరేడు కొమ్మలతో చల్లగా వేశారు. పీట మీద కుండలో నా సవతి, రేపటి పెళ్లికి ఈ రోజే ఎర్ర చీర కట్టుకుని కూర్చుని ఉంది. దాన్ని నేనేమీ అనలేదు. పాపం దానికేం తెలుసు. పక్కకు జరిపి, ఆ పీట మీద నేను కూర్చున్నాను. దాని కోసం వచ్చిన డోలువాళ్లు నన్ను చూసి కొట్టడం ఆపేశారు. మా ముయా ఆపలేదు.

మీ అమ్మ లోపల నుంచి వచ్చింది. "ఎవరే నువ్వు?" అంది. "తిరుపతమ్మను. మీ కోడల్ని" అన్నాను. "ఇప్పుడు రావొద్దు, ఇట్ల రావొద్దు, లేవు" అంది. లేవలేదు. కుండెడు నీళ్లు తెచ్చి నా నెత్తిన పోసింది. మీ ఊళ్లో దోర్లవాళ్లు ఉన్నారు కనక ఆ ఆచారం ఆమెకు తెలిసే ఉంటుంది. "సిగ్గు లేదా?" అంటూ రెండో కుండ పోసింది. మూడో కుండ ముంచి తెచ్చింది. ఊరంతా చేరారు. మీ కులపెద్ద వచ్చాడు. ఆయన నన్ను చూడలేదు, మీ అమ్మనే చూశాడు. "నీళ్లతోని కాదు, మెడ పట్టి గెంటు. గెంటుతవా, నీ సంగతి తియ్యమంటవా? రేపు నీ కొడుకు ముందట చెప్పమంటవా?" అన్నాడు.

మీ అమ్మ మూడో కుండ చేతిలో పట్టుకునే ఉంది. దాన్ని కింద పెట్టింది. ఆమె ఏం అందో అన్నది అన్నట్టు రాస్తాను, నువ్వు వినాల్సిన మాటలు కనక.

"నా సంగతి నువ్వేంది చెప్పేది, నేనే చెప్త. నేను కూనవరం కాన్నుంచి మారుమనువొచ్చిన దాన్ని. మొదటోడు పాము కరిచి పోయిండు. ఈ ఇంటాయనకు జిల్లేడుతోని పట్టపగలు పెండ్లి చేసి, నన్ను చీకట్ల కంచె తడికె తీసి తెచ్చిన్రు. ముప్పై ఏండ్లు. పండగ పూట మొదటి ముద్ద ఆ జిల్లేడుకు పెట్టి, అది తిన్నదనుకొని, రెండో ముద్ద నేను తిన్న. నా కొడుక్కు ఎరుక కావొద్దని నోరు మూసుకున్న. ఇగ మూసుకోను. పొండి, చెప్పుకోండి."

అని నా పక్కన, ఆ తడి నేల మీదే కూర్చుంది. కులపెద్ద నిప్పు నీళ్లు బంద్ అన్నాడు. "పొయ్యిల నిప్పు నేనే రాజేసుకున్న, ముప్పై ఏండ్ల సంది. ఏట్ల నీళ్లు నీ అయ్య పోసినవి కావు" అంది మీ అమ్మ. ఆయన వెళ్లిపోయాడు. సగం మంది ఆయన వెంట వెళ్లారు. సగం మంది ఎటూ తేల్చుకోలేక అక్కడే నిలబడ్డారు. ఇప్పటికీ నిలబడే ఉన్నారు, అన్నం ఉంటుందా లేదా అని అడుగుతున్నారు.

నువ్వు రాసింది నాకిప్పుడు అర్థమైంది. ఆమె నీకు అడ్డు చెప్పలేదు, భయపడింది. నేను ఆమెను మనసులో చాలా తిట్టుకున్నాను. ఇందాక కాళ్లకు మొక్కబోతే పట్టుకుని ఆపింది. నీ పాత బడి పుస్తకంలోంచి ఈ కాగితం చించి ఇచ్చింది కూడా ఆమే.

ఇక నువ్వు చేయాల్సింది. రేపు ఎండ నడినెత్తికి రాకముందే రా. ఊరి నడిబజారున రా, ఏటి ఒడ్డు దోవన కాదు. నాకేదారు తలపాగా పెట్టుకుని రా. దారిలో కులపెద్ద ఇల్లు ఉంది కదా, తల దించుకుని దాటకు. భయమేస్తే వెయ్యనీ, కాళ్లు వణికినా నడవొచ్చు. నాకూ పొద్దుటి నుంచీ వణుకుతూనే ఉన్నాయి. నేను ఈ పందిట్లోంచి కదలను. దీపాలు పెట్టాక వస్తే మాత్రం నేను ఇక్కడ ఉండను.

ఇంకొక సంగతి. రేపు నువ్వు రాగానే మనల్ని పీటల మీద కూర్చోబెట్టరు. అది నా మాట కాదు, మీ అమ్మ మాట. మంగ్లూ బండి కడుతుంటే ఆమె నా దగ్గరికి వచ్చి నీకు ఇది తప్పకుండా రాయమంది: "ముందుగాల నేను, మీ నాయన కూసుంటం. ముప్పై ఏండ్లు ఆగిన. నాకు డోలు మోగినాకనే నా కొడుక్కు మోగాలె." మీ నాన్న ఈ మాట విని సిగ్గుతో కొట్టంలోకి పోయి ఎడ్ల వెనక దాక్కున్నాడు. హిడ్మే తీసుకురావడానికి వెళ్లింది.

రేపు పట్టపగలు నీ పక్కన కూర్చునే,
తిరుపతమ్మ